మధ్యధరా క్రూజ్‌లో ఓడ టూరా, సొంతంగా తిరగడమా: రేవును బట్టి నిర్ణయం

మీ ప్రశ్న సారాంశం ఇది. జూలైలో ఒక ఆదివారం బార్సిలోనాలో ఎక్కి, మరుసటి ఆదివారం బార్సిలోనాలోనే దిగే ఏడు రాత్రుల క్రూజ్. మధ్యలో వరుసగా పాల్మా, మార్సెయ్, లా స్పెజియా, రోమ్‌కు వెళ్లే రేవైన చివితావెక్కియా, నేపుల్స్ రేవులు, ఆఖరి రోజంతా సముద్రం మీద. మీ దంపతులిద్దరితో పాటు డెబ్బై దాటిన అమ్మగారు, నాన్నగారు, పదేళ్ల పాప. అయిదు చోట్లా ఓడ కంపెనీ అమ్మే షోర్ ఎక్స్‌కర్షన్లు, అంటే రేవులో దిగి చేసే టూర్లు, కొంటే అయిదుగురికి ఖర్చు తడిసి మోపెడవుతోంది, అలాగని సొంతంగా వెళ్తే ఓడ తప్పిపోతుందేమోనని భయంగా ఉంది, ఏది మేలని అడిగారు. చాలాకాలంగా యూరప్‌లో ఉంటూ, హైదరాబాదు నుంచీ విజయవాడ నుంచీ వచ్చే బంధువులకూ వారి పెద్దలకూ ఇలాంటి ప్రయాణాలు కుదిర్చిపెడుతున్న అనుభవంతో చెబుతున్నాను: అయిదు రేవులనూ ఒకే గాటన కట్టకండి. ఒక్కొక్క రేవుకూ రెండు ప్రశ్నలు వేసుకుంటే జవాబు దానంతటదే వస్తుంది. చూడదలచిన చోటి నుంచి ఓడకు తిరిగి రావడానికి ఎన్ని దారులున్నాయి? ఒకవేళ ఓడ తప్పితే తరువాతి రేవులో దాన్ని ఎలా అందుకోగలం?

ముందుగా ఓడ టూరుకు మీరిచ్చే డబ్బు దేనికో స్పష్టంగా తెలుసుకోవాలి. గైడు, ఏసీ బస్సు, ప్రవేశ టికెట్లు బయట కూడా దొరుకుతాయి. బయట దొరకనిది ఒకే ఒక హామీ: ఆ టూరు బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, ఆగడం వీలుకాకపోతే ఆ ప్రయాణికులను కంపెనీయే తన ఖర్చుతో తరువాతి రేవుకు చేరుస్తుంది. సొంతంగా వెళ్లినవారి విషయంలో దానికి ఈ బాధ్యత లేదు. రేవులో ఓడ నిలిచే చోటును గంటల లెక్కన కేటాయిస్తారు, ఓడను బయటికి నడిపించే పైలట్‌కు ముందే సమయం ఖరారై ఉంటుంది, మరునాటి రేవులో మరో సమయం కాచుకొని ఉంటుంది కాబట్టి, అయిదుగురి కోసం వేలమందిని ఆపే అధికారి ఉండడు. 2024 మార్చిలో ఆఫ్రికా పడమటి తీరాన ఉన్న సావో తోమే ద్వీపంలో ఇదే జరిగింది. బయటి సంస్థ టూరులో వెళ్లి ఆలస్యమైన ఎనిమిది మందిని, ఓడ ఇంకా కనుచూపు మేరలోనే ఉన్నా, ఎక్కించుకోలేదు. వారు కొన్ని రోజుల పాటు దేశాలు దాటుకుంటూ వెళ్లి చివరికి సెనెగల్‌లో ఓడను అందుకున్నారు.

ఆ వార్త చదివి చాలామంది హడలిపోయి అన్ని టూర్లూ ఓడ దగ్గరే కొనడం మొదలుపెట్టారు. నిజానికి అందులో గమనించవలసినది ఆలస్యం కన్నా భూగోళం. తప్పిన చోట రైలు లేదు, తరువాతి రేవు మరో దేశం, దానికి వేరే వీసా. మీ దారి అలాంటిది కాదు. లా స్పెజియాలో ఓడ తప్పితే, మరునాడు అది ఆగే చివితావెక్కియా అదే తీర రైలు మార్గం మీద ఉంది, నేరు రైళ్లున్నాయి, మూడు నాలుగు గంటల ప్రయాణం. రోమ్‌లో చిక్కుకుపోతే హైస్పీడ్ రైలులో నేపుల్స్ చేరడానికి గంటా పది నిమిషాలు చాలు. మార్సెయ్‌లో తప్పితే నైస్, వెంటిమిల్యా, జెనోవా మీదుగా రైళ్లు మారుతూ దాదాపు ఒక పగలంతా ప్రయాణించాలి. పాల్మా ద్వీపం కాబట్టి విమానమో ఫెర్రీయో తప్ప గతి లేదు. నేపుల్స్‌లో తప్పితే బార్సిలోనాకు విమానం ఎక్కాలి, అయితే మధ్యలో ఒక రోజు సముద్రయానం ఉంది కాబట్టి వ్యవధి దొరుకుతుంది. అంటే అందరూ అన్నిటికంటే ఎక్కువ భయపడే రోమ్ రోజున తప్పితే కలిగే నష్టం అన్నిటికంటే తక్కువ, ఎవరూ పట్టించుకోని పాల్మాలో ఎక్కువ. పెద్దవాళ్లతో అది కూడా పడవలసిన కష్టం కాదన్నది నిజమే. కానీ దేనికి ఎంత భయపడాలో తెలిస్తే డబ్బు ఎక్కడ పెట్టాలో కూడా తెలుస్తుంది.

పాల్మా, మార్సెయ్‌ల సంగతి త్వరగా ముగిస్తాను. పాల్మాలో ఓడలు ఆగే చోటి నుంచి ఊరిలోని పెద్ద చర్చి సుమారు నాలుగు కిలోమీటర్లు, టాక్సీ లేదా సిటీ బస్సు చాలు. ఆ చర్చి లోపల ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వాస్తుశిల్పి గౌడీ చేసిన మార్పులు కూడా చూడవచ్చు. తప్పితే కష్టమైన రేవే అయినా, రోజంతా ఓడ కనబడేంత దూరంలోనే తిరుగుతారు కాబట్టి తప్పే అవకాశమే లేదు. మార్సెయ్‌లో క్రూజ్ టెర్మినల్ ఊరికి బాగా ఉత్తరంగా, నడవలేనంత దూరంలో ఉంటుంది. షటిల్ ఎక్కి ఊరి వైపు వచ్చి, పాత రేవు నుంచి బయలుదేరే చిన్న టూరిస్టు రైలుబండిలో నోత్ర్ దామ్ ద లా గార్డ్ చర్చి ఉన్న కొండ ఎక్కితే పెద్దవాళ్లకు మెట్ల శ్రమ చాలావరకు తగ్గుతుంది. 2013లో తెరిచిన మ్యూసెమ్ మ్యూజియం పేరు వినే ఉంటారు, కానీ దానికి సాధారణంగా మంగళవారం సెలవు, మీరు అక్కడ దిగేది మంగళవారమే. ఈ రెండు చోట్లా ఓడ టూరుకు డబ్బు పెట్టడం నా దృష్టిలో దండగ.

లా స్పెజియా దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే ఎక్కువమంది తప్పు నిర్ణయం తీసుకునే రేవు ఇదే. ఓడలో రోజూ ఇచ్చే సమాచార పత్రికలో ఈ రేవు పేరు పక్కన ఫ్లారెన్స్, పీసా అని రాసి ఉంటుంది. ఫ్లారెన్స్ అక్కడికి సుమారు 150 కిలోమీటర్లు. బస్సులో పోవడానికి రెండు గంటలు, రావడానికి రెండు గంటలు, ట్రాఫిక్ దయ తలిస్తేనే. రైలైతే సాధారణంగా పీసాలో మారాలి, ఇంకా ఎక్కువసేపు పడుతుంది. జూలై ఎండలో డెబ్బై ఏళ్లవారిని అంత దూరం తీసుకెళ్లి, గుంపు వెనక నడిపించి, ఒక చర్చి గుమ్మటాన్ని బయటి నుంచి చూపించి వెనక్కి తేవడం నేను ఎవరికీ సలహా ఇవ్వను. ఫ్లారెన్స్ చూడాలని మీకు గట్టిగా ఉంటే అది మరో ప్రయాణంలో రెండు రాత్రులు ఉండి చూడవలసిన ఊరు. ఈసారే చూసి తీరాలంటే మాత్రం సొంతంగా వద్దు, ఓడ బస్సులోనే వెళ్లండి.

అదే రేవు నుంచి చింక్వే తెర్రే గ్రామాలకు వెళ్లాలంటే లెక్క పూర్తిగా తిరగబడుతుంది. కొండ అంచున సముద్రం మీదికి వేలాడుతున్నట్టుండే ఈ అయిదు గ్రామాలను 1997లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. లా స్పెజియా సెంట్రల్ స్టేషన్ నుంచి మొదటి గ్రామం రియోమజ్జోరేకు పది నిమిషాల లోపు, చివరిదైన మోంతెరోస్సోకు దాదాపు అరగంట. వేసవిలో గంటకు రెండు మూడు రైళ్లు నడుస్తాయి. టూరు బస్సులు ఆ గ్రామాల్లోకి పోలేవు కాబట్టి ఓడ టూరులో వెళ్లినవారు కూడా చివరికి ఈ రైలో, లేదా పడవో ఎక్కవలసిందే. తేడా ఏమిటంటే వారు నలభై మంది గుంపుగా ఒకే పెట్టెలో దూరడానికి తంటాలు పడతారు, మీరు అయిదుగురే కాబట్టి ఈ రైలు కిక్కిరిసి ఉంటే తరువాతిది ఎక్కుతారు. తిరిగి రావడానికి ఇన్ని రైళ్లున్న చోట ఓడ ఇచ్చే హామీని కొనవలసిన అవసరం కనిపించదు. అన్ని గ్రామాలూ చూడాలని మాత్రం ఉబలాటపడకండి. కోర్నీలియాలో స్టేషన్ నుంచి ఊరిలోకి 370కి పైగా మెట్లున్నాయి, షటిల్ బస్సు ఉన్నా దానికి వరుస ఉంటుంది, కాబట్టి దాన్ని వదిలేయండి. వెర్నాట్సాలో స్టేషన్ దిగగానే ఊరి వీధిలో ఉంటారు. మోంతెరోస్సో చదునుగా ఉంటుంది, పాప ఆడుకోవడానికి బీచ్ ఉంది, అమ్మగారు, నాన్నగారు నీడన కూర్చోవచ్చు. ఈ రెండూ చాలు. రేవు గేటు దాకా షటిల్ వస్తుంది, అక్కడి నుంచి స్టేషన్‌కు ఇరవై నిమిషాలకు పైగా నడక కాబట్టి పెద్దవాళ్లకు టాక్సీ మాట్లాడండి. పాప పీసా గోపురం కోసం పట్టుబడితే అదీ రైలులోనే గంట అటూ ఇటూగా చేరగల దూరం. ఎనిమిదేళ్ల లోపు పిల్లలను గోపురం ఎక్కనివ్వరు, మీ పాపకు ఆ ఇబ్బంది లేదు, కానీ ఎక్కడానికి సమయం వేసిన టికెట్టు ముందే తీసుకోవాలి.

చివితావెక్కియా అంటే రోమ్ రేవు, కానీ రోమ్ అక్కడికి సుమారు 80 కిలోమీటర్లు. ఇక్కడ కూడా రైళ్లకు లోటు లేదు, టికెట్టు అయిదు యూరోల చుట్టుపక్కల ఉంటుంది, వాటికన్‌కు దగ్గరగా ఉన్న సాన్ పియెత్రో స్టేషన్‌కు ముప్పావు గంట నుంచి గంట. గైడుతో కూడిన పూర్తి రోజు ఓడ టూరు ధర తలకు వంద యూరోలు దాటడం మామూలే. కాబట్టి మీ దంపతులిద్దరే అయితే మరో మాట లేకుండా రైలెక్కమనేవాడిని. మీ విషయంలో మాత్రం అలా చెప్పను, దానికి కారణం ఓడ తప్పుతుందన్న భయం కాదు, మార్పిడులు. ఓడ నుంచి రేవు షటిల్ ఎక్కి లార్గో దెల్లా పాచే అనే చోట దిగాలి. అక్కడి నుంచి స్టేషన్‌కు మరో బస్సు లేదా కిలోమీటరున్నర నడక. ఆ తరువాత రైలు. రోమ్‌లో దిగాక మళ్లీ నడకో టాక్సీయో. సాయంత్రం అలసిపోయిన కాళ్లతో ఇదంతా తిరగేసి చేయాలి. వీటిలో ఒక్కటీ కష్టమైనది కాదు, అన్నీ కలిస్తే మోకాళ్ల నొప్పులున్న మనిషికి తలకు మించిన భారం.

అందుకే రోమ్‌కు మధ్యేమార్గం చెబుతాను. ఎక్కువ ఓడ కంపెనీలు గైడు, టికెట్లు, భోజనం ఏమీ లేకుండా కేవలం బస్సు సౌకర్యం మాత్రమే అమ్ముతాయి. టూర్ల జాబితాలో రోమ్ ఆన్ యువర్ ఓన్ వంటి పేరుతో ఉంటుంది, ధర పూర్తి టూరు కన్నా బాగా తక్కువ. ఓడ దగ్గరే ఎక్కిస్తారు, రోమ్‌లో ఒకచోట దింపుతారు, చెప్పిన సమయానికి అక్కడే ఎక్కిస్తారు. ఇది కూడా ఓడ టూరే కాబట్టి ఆ బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. కొనేముందు ఈ విషయం టూరు వివరణలో ఉందో లేదో ఒకసారి చూసుకోండి. ఈ పద్ధతిలో మీకు రోమ్‌లో అయిదారు గంటలు మిగులుతాయి, ఆ గంటలు గుంపు నడకతో కాక మీ నాన్నగారి నడకతో సాగుతాయి. ఆ వ్యవధిలో వాటికన్, కలోసియం రెండూ పెట్టుకోకండి, ఒకటే ఎంచుకోండి. రెండింటికీ తిరుమల దర్శనం టికెట్లలాగే సమయం వేసి ముందుగా ఇస్తారు, కలోసియం టికెట్టు మీద పేరు కూడా ఉంటుంది, గేటు దగ్గర గుర్తింపు కార్డుతో సరిచూస్తారు. మీరు అక్కడ ఉండేది గురువారం కాబట్టి వాటికన్ మ్యూజియాలు తెరిచే ఉంటాయి. బుధవారం పోప్ సభ ఉంటే సెయింట్ పీటర్స్ చర్చి లోపలికి ఉదయం పోనివ్వరు, ఆదివారాలు మ్యూజియాలకు సెలవు, నెలలో చివరి ఆదివారం తప్ప. భుజాలూ మోకాళ్లూ కప్పే దుస్తులు ఉండాలి, అమ్మగారి చీరకు ఏ చిక్కూ లేదు, మీ నిక్కర్లతోనే చిక్కు. రోమ్ వీధుల్లో ఎక్కడికక్కడ తాగునీటి కుళాయిలు ధారగా పారుతుంటాయి, ఆ నీళ్లు నిర్భయంగా తాగవచ్చు, ఖాళీ సీసా ఒకటి వెంట ఉంచుకోండి.

ఇక నేపుల్స్. ఇక్కడ రేవు ఊరి నడిబొడ్డున ఉంటుంది, ఓడ దిగి రోడ్డు దాటితే మునిచిపియో మెట్రో స్టేషన్. క్రీ.శ. 79లో వెసువియస్ అగ్నిపర్వతం బూడిద కింద పూడిపోయిన పాంపే నగరాన్ని చూడకుండా రావడం ఎవరికీ మనసొప్పదు. మెట్రోలో గరిబాల్డి స్టేషన్‌కు వెళ్లి, అక్కడ చిర్కుంవెసువియానా అనే లోకల్ రైలు పట్టుకుంటే దాదాపు నలభై నిమిషాల్లో శిథిలాల గేటు ముందు దిగుతారు. చవకైన దారే, కానీ జూలైలో ఆ రైలు ఉక్కపోతగా, కిక్కిరిసి ఉంటుంది, జేబుదొంగల బెడద ఉంది, కూర్చునే చోటు దొరుకుతుందన్న నమ్మకం లేదు. పైగా మీరు అక్కడ ఉండేది శుక్రవారం, ఇటలీలో రవాణా సమ్మెలు శుక్రవారాల్లో రావడం పరిపాటి. సమ్మెలను ముందే ప్రకటిస్తారు కాబట్టి వారం ముందు ఒకసారి చూసుకోండి. ప్రభుత్వ ప్రాంతీయ రైళ్లయితే సమ్మె నాడు కూడా పనిదినాల్లో ఉదయం 6 నుంచి 9 వరకు, సాయంత్రం 6 నుంచి 9 వరకు కొన్ని తప్పనిసరిగా నడపాలన్న నియమం ఉంది. అది ఉద్యోగులకు అక్కరకొస్తుంది, సాయంత్రం ఏడుకు కదిలే ఓడ ప్రయాణికులకు పనికిరాదు.

మీరు అయిదుగురు కావడం ఇక్కడే కలిసివస్తుంది. ఓడ టూరుకు తలకింత అని ధర, డ్రైవరుతో సహా అద్దెకిచ్చే లైసెన్సు వ్యానుకు బండికింత అని ధర. ఇద్దరికి ఆ వ్యాను ఖరీదనిపించవచ్చు, అయిదుగురికి పంచితే తరచుగా ఓడ టూరు కన్నా తక్కువకో, దానికి సమానంగానో తేలుతుంది. ఓడ దిగిన చోట ఎక్కించి, పాంపే గేటు దగ్గర దింపి, మీరు చెప్పినప్పుడు వెనక్కి తెస్తారు. క్రూజ్ ప్రయాణికులతోనే బతికే సంస్థలు కాబట్టి ఓడ సమయాలు వారికి తెలుసు, అయినా రెండు విషయాలు రాతపూర్వకంగా తీసుకోండి: వాతావరణం వల్ల ఓడ ఆ రేవుకు రాకపోతే డబ్బు తీసుకోకూడదు, వెనక్కి చేర్చే సమయం ఇది అని. ఓడ టూరు అయితే రేవు రద్దయినప్పుడు డబ్బు దానంతటదే మీ ఖాతాలోకి వస్తుంది. మీరు విడిగా కొన్న మ్యూజియం టికెట్ల డబ్బు మాత్రం సాధారణంగా రాదు.

పాంపేకు 2024 నవంబరు నుంచి రోజుకు 20,000 మంది పరిమితి పెట్టారు, టికెట్లు పేరు మీద ఇస్తారు, కాబట్టి ముందే కొనండి. తవ్వితీసిన భాగమే నలభై హెక్టార్లకు పైగా ఉంటుంది, నేలంతా ఎగుడుదిగుడు రాళ్లు, నీడ చాలా తక్కువ. ఉదయం తొమ్మిదికి లోపల ఉండి పదకొండున్నరకు బయటపడేలా చూసుకోండి. నాన్నగారికి అంత నడక వద్దనిపిస్తే, అమ్మానాన్నలు నేపుల్స్ పురావస్తు మ్యూజియంలో నీడపట్టున పాంపే గోడల నుంచి తెచ్చిన చిత్రాలూ మొజాయిక్‌లూ చూడవచ్చు. ఓడ దిగిన మెట్రో స్టేషన్ నుంచి నేరుగా మ్యూజియో స్టేషన్‌లో దిగడమే, మీలో ఒకరు వారితో ఉంటే సరిపోతుంది. అందరూ కలిసే ఉండాలన్న పట్టుదలతో ఎవరికీ నచ్చని ప్రణాళిక వేసుకోవడం కుటుంబ ప్రయాణాల్లో నేను తరచూ చూస్తుంటాను. అమాల్ఫీ తీరం ఆశ పెట్టుకున్నారేమో, అక్కడికి కొండ అంచున ఉన్న ఒకే ఇరుకు రోడ్డు, వేసవిలో ట్రాఫిక్ ఎంతసేపు నిలిచిపోతుందో ఎవరూ చెప్పలేరు. వెళ్తే ఓడ టూరులోనే వెళ్లండి. కాప్రి ద్వీపానికి ఫెర్రీలు రేవు పక్కనే దొరుకుతాయి కానీ సముద్రం అల్లకల్లోలమైతే రద్దవుతాయి, మధ్యాహ్నం తిరుగు టికెట్లు అయిపోతాయి, తిరిగి రావడానికి నీటి దారి తప్ప మరోటి లేదు. నా మొదటి ప్రశ్న దగ్గరే అది తేలిపోతుంది.

సొంతంగా వెళ్లే రోజుల్లో సమయం లెక్క ఇలా వేసుకోండి. చూడవలసినది ఓడ కదిలే సమయం కాదు, అందరూ లోపలికి చేరవలసిన ఆల్ అబోర్డ్ సమయం. అది సాధారణంగా అరగంట నుంచి గంట ముందుంటుంది, రోజువారీ పత్రికలో రాస్తారు. మీరు ఎక్కదలచిన రైలు తరువాత కనీసం రెండు రైళ్లు, అవి కూడా ఓడకు అందించేవి, ఉండాలి. మీ దారిలోని మూడు దేశాలకూ గడియారం ఒకటే కాబట్టి ఓడ సమయానికీ ఊరి సమయానికీ తేడా రాదు. తూర్పున టర్కీ వైపు వెళ్లే ఓడల్లో ఇది పెద్ద చిక్కు. అలాగే మీ రేవులన్నిటిలో ఓడ గట్టుకే ఆనుతుంది. శాంతోరీని వంటి చోట ఓడ సముద్రంలోనే నిలిచి చిన్న పడవల్లో దింపుతారు, రోప్‌వే దగ్గర గంటల తరబడి వరుసలుంటాయి, అక్కడ నా సలహా వేరుగా ఉండేది.

స్పెయిన్, ఫ్రాన్స్, ఇటలీ మూడూ ఒకే వీసాతో తిరగగల షెంగెన్ దేశాలు కాబట్టి రేవు రేవుకూ వీసా గొడవ లేదు. కొన్ని ఓడలు పాస్‌పోర్టులను తమ దగ్గరే ఉంచుకుంటాయి. అప్పుడు నకలు కాగితం, ఓడ కార్డు, రేవులో ఓడ కంపెనీ తరఫున పనులు చూసే పోర్ట్ ఏజెంట్ ఫోన్ నంబరు (పత్రికలో అచ్చవుతుంది) దగ్గర పెట్టుకోండి, ఓడ తప్పితే మొదట వెళ్లవలసింది ఆ ఏజెంట్ దగ్గరికే. అమ్మానాన్నల మందులు ఒక రోజుకు అదనంగా చేతి సంచిలో ఉండాలి. ఇన్సూరెన్స్ పత్రంలో, మన ఆలస్యం వల్ల ఓడ తప్పితే చెల్లిస్తారా లేదా అన్న పేరా చదవండి, చాలా పాలసీలు చెల్లించవు. శాకాహారం విషయంలో ఒక మాట: భోజనం కలిపిన టూరైతే ముందే చెప్పాలి, మరీ నిష్ఠ గలవారైతే పార్మిజానో జున్ను వద్దనండి, దానిలో పాలను గడ్డకట్టించడానికి దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ అనే పదార్థం వాడతారు.

కొనవలసిన క్రమం ఇది. ముందుగా రోమ్ బస్సు సౌకర్యం ఓడ వెబ్‌సైటులో ఇప్పుడే తీసుకోండి, రేవుకు ఒకటి రెండు రోజుల ముందు వరకు రద్దు చేసుకునే వీలు సాధారణంగా ఉంటుంది, గడువు ఎంతో మీ బుకింగ్‌లో చూసుకోండి. బస్సు దింపే చోటూ సమయమూ తెలిశాక వాటికన్ లేదా కలోసియం టికెట్లు, చేరే సమయానికి కనీసం గంటన్నర తరువాతి వేళకు. ఆ తరువాత నేపుల్స్ వ్యాను, పాంపే టికెట్లు. చింక్వే తెర్రే రైలు టికెట్లు ఆ ఉదయం స్టేషన్‌లో కొన్నా సరిపోతుంది, వాన పడితే పీసాకు మారిపోవచ్చు.